వాగు మీద హెలికాప్టర్: పైలట్ వేసుకునే లెక్క వేరు

వానాకాలం వచ్చిందంటే ఉత్తర తెలంగాణలో ఏదో ఒక వాగు పేరు రాష్ట్రమంతా మారుమోగుతుంది. 2020 ఆగస్టులో భూపాలపల్లి జిల్లా టేకుమట్ల మండలం కుందనపల్లి దగ్గర చలివాగులో పది మంది రైతులు చిక్కుకుంటే హెలికాప్టర్ వచ్చి ఒడ్డుకు చేర్చింది. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు చెన్నూరు మండలం సోమన్‌పల్లిలో వాటర్ ట్యాంకు ఎక్కి కూర్చున్న ఇద్దరిని అలాగే కాపాడారు. 2023 జులైలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తి ఊరు ఊరంతా డాబాల మీదికెక్కింది. 2025 ఆగస్టు చివర్లో సిరిసిల్ల జిల్లా నర్మాల దగ్గర వరదలో నిలిచిపోయిన ఐదుగురిని వాయుసేన బయటికి తెచ్చింది. టీవీలో కనిపించే దృశ్యం ప్రతిసారీ ఇంచుమించు ఒకటే. జనం అడిగేదీ ఒకటే: ఇంకాస్త ముందే ఎందుకు రాలేదు?

పైలట్ తనను తాను అడిగే ప్రశ్న వేరు. ఇంకా ఎంత మిగిలింది? ట్యాంకులో ఇంధనం, ఇంజిన్‌లో శక్తి, ఆకాశంలో వెలుతురు, ఆఖరికి ‘ఇక కుదరదు’ అనగలిగే చోటు ఎంత మిగిలాయన్నదే కాక్‌పిట్‌లో నడిచే లెక్క. యంత్రాల మంచిచెడ్డలూ, పై అధికారుల తీరూ, ఉద్యోగ జీవితపు సాధకబాధకాలూ విడివిడి సంగతుల్లా కనిపిస్తాయి గానీ, పైలట్ సీట్లో కూర్చుని చూస్తే మూడూ ఈ మిగులును పెంచేవో తగ్గించేవో అవుతాయి.

ముందు ఇంధనం సంగతి. వరదలప్పుడు ఈ జిల్లాలకు వాయుసేన సాయం ఎక్కువగా హైదరాబాద్ పక్కనున్న హకీంపేట నుంచే వస్తుంది. అక్కడ ఉన్నది హెలికాప్టర్ శిక్షణ పాఠశాల, అందులో ప్రధాన యంత్రం చేతక్ అనే తేలికపాటి హెలికాప్టర్. హకీంపేట నుంచి భూపాలపల్లికి గాలిలో సుమారు 170 కిలోమీటర్లు. చేతక్ వేగం గంటకు 185 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. పోవడానికి దాదాపు గంట, తిరిగి రావడానికి గంట. నిండు ట్యాంకుతో అది సుమారు రెండున్నర గంటలు ఎగరగలదు. ఎదురుగాలికీ, దారిలో మబ్బును చుట్టి పోవడానికీ కొంత ఇంధనం అట్టిపెట్టుకోవాలి. ఇక వాగు దగ్గర వెతకడానికి, గాలిలో ఆగడానికి, మనుషుల్ని పైకి లాగడానికి మిగిలేది ఇరవై నిమిషాలు. గాలిలో ఆగినప్పుడు ఇంధనం ఇంకా ఎక్కువ తాగుతుంది. పోనీ ట్యాంకు నిండా నింపుకుని పోదామంటే, ఆ బరువు వల్ల ఎక్కించుకోగల మనుషులు తగ్గుతారు. చేతక్ మొత్తం బరువు 2,200 కిలోలు దాటకూడదు. ఖాళీ యంత్రమే అందులో సగం పైచిలుకు.

అందుకే మామునూరు ముచ్చట ఇక్కడ చెప్పుకోవాలి. నిజాం కాలం నాటి ఆ విమానాశ్రయంలో 1981 దాకా విమానాలు దిగాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చినప్పటి నుంచి వరంగల్‌లో మాటలన్నీ భూసేకరణ, రన్‌వే పొడవు, ఏ నగరానికి విమానం నడుస్తుందన్న వాటి చుట్టే తిరుగుతున్నాయి. తిరగాల్సిందే. కానీ మామునూరు నుంచి భూపాలపల్లికి గాలిలో దూరం 65 కిలోమీటర్లకు మించదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ హెలికాప్టర్ ఇంధనం, దాన్ని నింపే సిబ్బంది, వాతావరణం చెప్పగల ఒక మనిషి ఉంటే ఆ ఇరవై నిమిషాలు గంట దాటుతాయి. దానికి టెర్మినల్ భవనం లేచేదాకా ఆగాల్సిన పని లేదు.

వాగు మీదికి చేరాక అసలు పని మొదలవుతుంది. ముందుకు ఎగిరే హెలికాప్టర్‌కు ఆ వేగమే కొంత ఆసరా ఇస్తుంది, రెక్కకు కొత్త గాలి అందుతూ ఉంటుంది. ఒకచోట ఆగితే ఆ ఆసరా పోయి బరువంతా ఇంజిన్ మీద పడుతుంది. నేలకు దగ్గరగా ఆగితే కిందికి కొట్టిన గాలి తిరిగి తన్ని కాస్త ఎత్తిపట్టుకుంటుంది. వాగు మధ్య చెట్లకూ కరెంటు తీగలకూ పైన, ముప్పై మీటర్ల ఎత్తులో ఆగితే అదీ దొరకదు. పైగా కింద నీళ్లు పరుగెడుతుంటాయి. పారే నీటిని చూస్తూ ఉంటే తాను వెనక్కి జరుగుతున్నట్టు పైలట్‌కు భ్రమ కలుగుతుంది. దాన్ని సరిదిద్దబోయి నిజంగానే కదిలిపోతాడు. కాబట్టి కదలనిది ఏదో ఒకటి, చెట్టు మొదలో గుడి గోపురమో డాబా మీది నీళ్ల ట్యాంకో, చూపుకు ఆనించుకోవాలి. కింద వేలాడే మనిషి మాత్రం అతనికి కనబడడు. తలుపు దగ్గర బోర్లా పడుకున్న సహచరుడు ‘ముందుకు రెండు మీటర్లు, కొంచెం ఎడమకు, అక్కడే ఆగు’ అని చెబుతుంటే ఆ మాటను బట్టి యంత్రాన్ని జరుపుతాడు. టీవీలో పైలట్‌కు దక్కే పొగడ్తలో సగం ఆ తలుపు దగ్గరి మనిషికి చెందాలి.

రెక్కల గాలి ఇంకో తలనొప్పి. రేకుల ఇళ్లు నానిపోయి ఉన్న ఊళ్లో ఒక్క రేకు లేచి రోటర్‌కు తగిలితే అంతే. గొడుగులు, టార్పాలిన్లు, ఎండేసిన చీరలు అన్నీ ప్రమాదమే. సాయం వస్తోందని సంబరంగా తువ్వాలు ఊపుతూ డాబా అంచుకు వచ్చే పిల్లలు మరీ ప్రమాదం.

కలెక్టరేట్ నుంచి రాజధానికి, అక్కడి నుంచి సైనిక కేంద్రాలకు విన్నపం వెళ్లేసరికి అందులో ఉండేది చాలాసార్లు ‘ఫలానా ఊరి దగ్గర వాగులో ఇంతమంది’ అన్న ఒక్క ముక్కే. పైలట్‌కు కావాల్సింది ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు, పక్కన పదకొండు కేవీ లైన్ ఉందా, ఉంటే కరెంటు తీశారా లేదా, సెల్ టవర్ ఎటు ఉంది, దగ్గర్లో దిగడానికి బడి మైదానం ఉందా, చిక్కుకున్న వాళ్లలో ముసలివాళ్లు, పసిపిల్లలు ఎందరు అన్నవి. సెల్‌ఫోన్ ఉన్న ఏ పంచాయతీ కార్యదర్శి అయినా పది నిమిషాల్లో పంపగల వివరాలే ఇవి. అవి లేక వాగు వెంట వెతుక్కుంటూ తిరిగితే ఖర్చయ్యేది ఆ ఇరవై నిమిషాలే. సాయంత్రం నాలుగింటికి అందిన విన్నపానికి ఇంకో చిక్కు, పొద్దుగూకడం. చీకట్లో తాడుతో మనుషుల్ని ఎత్తడానికి తగిన పరికరాలు పాత చేతక్‌లలో లేవు.

చేతక్ మూలం ఫ్రాన్స్‌లో 1959లో తొలిసారి ఎగిరిన అలూయెట్-3. మన వాయుసేనలోకి 1962లో వచ్చింది, తర్వాత ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ఇక్కడే తయారు చేసింది. దాని తమ్ముడు చీతా సియాచిన్‌లో 1984 నుంచి చేస్తున్న పని చిన్నది కాదు. 20,000 అడుగుల ఎత్తు చౌకీల దగ్గర గాలి పలుచనై, ఒక జెర్రీక్యాన్ కిరోసిన్ దించడానికే ఒక ట్రిప్పు తిరగాల్సిన చోట అది నిలబడింది. తేలిక, సులువైన మరమ్మతు, అరచెయ్యంత చోటులో దిగగల చురుకు దాని సుగుణాలు. పాత పైలట్లకు దాని మీద ఉన్న మమకారం ఉత్త పాత జ్ఞాపకాల మోజు కాదు. కానీ రెండింటిలోనూ ఉండేది ఒక్కో ఇంజినే. ఎత్తులో వేగంగా పోతున్నప్పుడు ఇంజిన్ ఆగినా, కిందికి దిగుతున్నప్పుడు కింది నుంచి ఎదురొచ్చే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి నేర్పుంటే దింపవచ్చు. ముప్పై మీటర్ల ఎత్తులో కదలకుండా ఆగి ఉన్నప్పుడు ఆగితే ఆ నేర్పు చూపించడానికి వ్యవధే ఉండదు. వాగు మీద తాడు దించే ప్రతి నిమిషమూ సరిగ్గా ఆ ఎత్తులో, ఆ స్థితిలోనే గడుస్తుంది.

వీటిని మార్చాలని ఎవరికీ తోచక కాదు. 197 తేలికపాటి హెలికాప్టర్ల కోసం వేసిన టెండరు 2007లో రద్దయింది, మళ్లీ వేసింది 2014 ఆగస్టులో రద్దయింది. 2015లో రష్యాతో కలిసి 200 కామోవ్-226టీలు కట్టాలని ఒప్పందం కుదిరి, ధర దగ్గరా దేశీయ భాగాల వాటా దగ్గరా చిక్కుకుంది. హెచ్‌ఏఎల్ సొంతంగా చేసిన తేలికపాటి హెలికాప్టర్ 2016 సెప్టెంబరులో తొలిసారి ఎగిరింది. దాని కోసం తుమకూరులో కట్టిన కర్మాగారాన్ని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. 2025 ఆగస్టులో రక్షణ శాఖ మళ్లీ 200 హెలికాప్టర్ల కోసం తయారీదారుల నుంచి వివరాలు కోరింది. ఈలోగా చేతక్ నేర్చుకున్న కుర్రాళ్లు కల్నళ్లయ్యారు. 2014-15 ప్రాంతంలో సైనిక పైలట్ల భార్యలే ముందుకొచ్చి, ఈ పాతవాటిని ఆపేయండని రక్షణ మంత్రికి మొరపెట్టుకున్నారు. యూనిఫాం వేసుకున్నవాళ్లు బయట అనలేని మాటను ఇంట్లోవాళ్లు అనాల్సి వచ్చింది.

కొత్తది వస్తే చాలు అన్న మాటను కూడా సాంతం నమ్మలేం. 2023 మార్చి 16న అరుణాచల్‌లో చీతా కూలి చనిపోయిన ఇద్దరిలో ఒకరు తెలంగాణకు చెందిన లెఫ్టినెంట్ కల్నల్. రెండు నెలలు తిరక్కుండానే, మే 4న కిష్త్వార్‌లో సైన్యం వారి ధ్రువ్ హెలికాప్టర్ కూలినప్పుడు చనిపోయింది సిరిసిల్ల జిల్లాకు చెందిన సాంకేతిక సైనికుడు. ఒకటి పాత యంత్రం, ఒకటి రెండు ఇంజిన్ల కొత్త యంత్రం. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో తీర రక్షక దళం ధ్రువ్ కూలాక, రోటర్ రెక్కల వంపును నడిపించే స్వాష్‌ప్లేట్ అనే భాగం విరిగిందని తేలి, మూడు సైన్యాల ధ్రువ్‌లనూ నేల మీద నిలబెట్టారు. మూడు వందల పైచిలుకు యంత్రాలు. సైన్యం, వాయుసేనలవి మళ్లీ ఎగరడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది. అన్ని నెలలు ఎగరకపోతే పైలట్‌కు చెయ్యి తప్పుతుంది. సిమ్యులేటర్ కొంత ఆదుకుంటుంది గానీ, గాలి ఒత్తిడీ యంత్రం వణుకూ అక్కడ పూర్తిగా దొరకవు. ఆ నెలల భారమంతా ఎవరి నెత్తిన పడిందో చెప్పనక్కర్లేదు, మళ్లీ ఆ చీతాలూ చేతక్‌లే. 2025 మార్చిలో 62,700 కోట్లతో 156 ప్రచండ్ దాడి హెలికాప్టర్లకు సంతకాలైనప్పుడు వచ్చిన పతాక శీర్షికలు, రోజూ బరువులు మోసే హెలికాప్టర్ల సంగతికి ఎన్నడూ రావు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా తగిలే ఇంకో శత్రువు ఎండ. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు మామూలే. ఆ వేడికి గాలి పలుచబడి, సముద్ర మట్టానికి నూటయాభై మీటర్ల ఎత్తున ఉన్న చోటు హెలికాప్టర్‌కు పన్నెండు వందల మీటర్ల కొండలా ఉంటుంది. ఇసుకలో నడిచే కాలికి పట్టు దొరకనట్టు రెక్కకు గాలి పట్టు దొరకదు. 2025 ఏప్రిల్, మే నెలల్లో ములుగు జిల్లా సరిహద్దులోని కర్రెగుట్టల మీద మూడు వారాలు సాగిన భద్రతా బలగాల ఆపరేషన్ సరిగ్గా ఆ ఎండల్లోనే జరిగింది. గుట్ట మీదికి నీళ్లు చేర్చాలన్నా, వడదెబ్బ తగిలిన జవాన్లను దించాలన్నా పైలట్ ముందున్న పట్టిక చూసి ‘ఈ పూట ఇద్దరే’ అనాల్సి వస్తుంది. పొద్దున ఆరింటికి నలుగురిని మోసిన యంత్రమే మధ్యాహ్నం రెండింటికి ఇద్దరిని మోయడానికి మొరాయిస్తుంది. కింద గాయపడ్డ మూడోవాడు ఉన్నప్పుడు ఆ మాట అనడం ఎంతో కష్టం. నాయకత్వం గురించిన చర్చ అక్కడే మొదలవుతుంది.

సైన్యంలో నాయకత్వం అంటే ముందుకు నడిపించడం అని అందరికీ తెలుసు. వైమానిక దళంలో దానికి రెండో సగం ఉంది: వెనక్కి తిరిగొచ్చినవాడిని తప్పుపట్టకుండా ఉండటం. ఎగరాలా వద్దా అన్నది అనుమతి ఇచ్చే అధికారి చెబుతాడు. ఎగిరాక, దిగాలా మళ్లాలా అన్నది ఆ హెలికాప్టర్ కెప్టెన్ మాటే. అతనికంటే రెండు హోదాలు పెద్దవాడు వెనక సీట్లో కూర్చున్నా అంతే. ఇది కాగితం మీది నియమం. ఆచరణలో, మబ్బు చూసి తిరిగొచ్చిన కుర్ర పైలట్‌ను మెస్‌లో ఎవరైనా ఎకసెక్కెం ఆడితే, మరుసటి వారం అతడు వెనక్కి మళ్లడు, మబ్బులోకే పోతాడు. ఒక యూనిట్ కమాండర్ మంచివాడా కాదా అని తెలుసుకోవడానికి అతని ప్రసంగాలు వినక్కర్లేదు. పని పూర్తి కాకుండా తిరిగొచ్చినవాడితో ఆ సాయంత్రం ఎలా మాట్లాడాడో చూస్తే సరిపోతుంది.

2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర ఎంఐ-17వీ5 కూలి జనరల్ బిపిన్ రావత్‌తో సహా 14 మంది చనిపోయిన ఘటనలో దర్యాప్తు చెప్పింది ఇదీ: లోయలో వాతావరణం ఉన్నట్టుండి మారింది, హెలికాప్టర్ మేఘంలోకి వెళ్లింది, పైలట్‌కు దిక్కు తప్పింది, చెక్కుచెదరని యంత్రమే కొండను ఢీకొంది. తెలుగువాళ్లకు ఈ తరహా కథ కొత్త కాదు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్-430 కూలింది. అది సైనిక హెలికాప్టర్ కాదు. అయితే ఆ నివేదికలోని ఒక వివరం ఏ యూనిఫాం పైలట్‌కైనా పాఠమే: గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడి దీపం వెలిగితే, ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ కొన్ని విలువైన నిమిషాలు గడిచాయి, ఆలోగా యంత్రం తుపాను మబ్బుల్లోకి చేరింది. చిన్న లోపం మీద పడ్డ చూపు పెద్ద ప్రమాదాన్ని చూడలేదు. ముఖ్యులు ఎక్కినప్పుడు పైలట్ మీద ఎవరూ నోరు తెరిచి ఒత్తిడి పెట్టనక్కర్లేదు. కింద హెలిప్యాడ్ దగ్గర దండలు పట్టుకుని నిలబడ్డ గుంపే చాలు.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకున్నప్పుడు హెలికాప్టర్ కోసం ప్రయత్నించినా వాతావరణం అనుకూలించలేదని అధికారులు చెప్పారు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ తెగించి వాళ్లను తెచ్చాడు. ఆ డ్రైవర్‌కు దక్కిన మెప్పు ఎంత న్యాయమో, ‘రాలేకపోయారు’ అన్న ఎత్తిపొడుపు అంత అన్యాయం కావచ్చు. కుండపోతలో మూడు వందల మీటర్ల దూరం కూడా కానరాని చోటికి బయల్దేరిన హెలికాప్టర్, కాపాడాల్సిన వాళ్ల సంఖ్యను తొమ్మిది నుంచి పదమూడుకు పెంచే అవకాశమే ఎక్కువ. అయితే ప్రభుత్వాలు ఆ ముక్క అప్పుడే, అదే రోజు, లెక్కలతో సహా జనానికి చెప్పాలి. చెప్పకపోతే సాకులా వినిపిస్తుంది.

‘కుదరదు’ అనే హక్కుకు అవతలి అంచు కూడా ఉంది. 2013 జనవరి 18న సుక్మా అడవుల్లో మావోయిస్టుల తూటాలు తగిలి వాయుసేన ఎంఐ-17 అత్యవసరంగా దిగింది. సిబ్బంది, వాయుసేన గరుడ్ కమాండోలు కలిసి, గాయపడ్డ ఛత్తీస్‌గఢ్ పోలీసు రేడియో ఆపరేటర్‌ను హెలికాప్టర్‌లోనే వదిలి, సాయం కోసం సీఆర్‌పీఎఫ్ శిబిరానికి నడిచి వెళ్లారు. పోలీసులు భగ్గుమన్నారు, వాయుసేన విచారణకు ఆదేశించింది. సాయం తేవడానికే పోయామన్నది ఒక వాదన, గాయపడ్డవాడిని ఒంటరిగా వదలడం ఏ నియమమన్నది ఇంకో వాదన. రెండోదే బలంగా నిలుస్తుంది. 2019 ఫిబ్రవరి 27న బుద్గాం మీద సొంత క్షిపణే తగిలి ఎంఐ-17 కూలి ఆరుగురు వాయుసైనికులు, ఒక పౌరుడు చనిపోతే, అది పెద్ద పొరపాటేనని వాయుసేనాధిపతి ఆ అక్టోబరులో బహిరంగంగా ఒప్పుకున్నారు. కింది స్థాయి పైలట్‌కు ఇలాంటి ఒప్పుకోలు ఎన్ని పతకాలకైనా సాటి. పైవాళ్లు తమ తప్పు చెప్పుకునే చోటే కిందివాడు తన భయం చెప్పుకోగలడు.

ఉద్యోగ జీవితం సంగతి క్లుప్తంగానే చెప్పొచ్చు, కానీ కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లోని గురుకుల సైనిక్ స్కూల్ లాంటి చోట్ల చదివే పిల్లల తల్లిదండ్రులకు ఇదే ముఖ్యం. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. తప్పితే ఇంకో ప్రయత్నం లేదు. శిక్షణ మొదలయ్యాక ఫైటర్లా, రవాణా విమానాలా, హెలికాప్టర్లా అన్నది సొంత ఇష్టం కన్నా మార్కులూ దళం అవసరమూ నిర్ణయిస్తాయి. నెలనెలా ఫ్లయింగ్ అలవెన్స్ ఉంటుంది. రెండు మూడేళ్లకో బదిలీ, అందులో కొన్ని చోట్లకు భార్యాపిల్లల్ని తీసుకుపోలేరు. పిల్లవాడికి ప్రతిసారీ కొత్త బడి, కొత్త భాష. ఎడమచేయి ఒక కర్ర మీద, కుడిచేయి ఇంకో కర్ర మీద, నడుం కాస్త ముందుకు వంచి, గంటలకొద్దీ వణుకులో కూర్చునే పని కాబట్టి నడుంనొప్పి హెలికాప్టర్ పైలట్లకు వృత్తి రోగం. దాన్ని డాక్టరుకు చెబితే ఎగరడం ఆపుతారేమోనని దాచుకునేవాళ్లూ ఉంటారు. ఆ భయం పోగొట్టడం కూడా కమాండర్ పనే.

వింగ్ కమాండర్ దాకా హోదా కాలం గడిస్తే వస్తుంది. ఆ పైన ఎంపిక, సీట్లు తక్కువ. ఎదిగినకొద్దీ ఎగరడం తగ్గి ఫైళ్లు పెరుగుతాయి. ఇరవై ఏళ్ల అనుభవం బాగా పండిన వయసులోనే మనిషి కాక్‌పిట్ నుంచి బల్ల దగ్గరికి మారతాడు, లేదా బయటికి పోతాడు. షార్ట్ సర్వీస్‌లో చేరినవాళ్లకు 14 ఏళ్లతో ముగుస్తుంది, పింఛను రాదు. రవాణా విమానాలు నడిపినవాళ్లను విమానయాన సంస్థలు పిలిచి మరీ తీసుకుంటాయి. హెలికాప్టర్ పైలట్ ఆ దారిలో పోవాలంటే రెక్కల విమానం మొదటి నుంచి నేర్చుకుని లైసెన్సు తెచ్చుకోవాలి, ఆ ఖర్చు చిన్నది కాదు. అతనికి సులువుగా దొరికేవి సముద్రంలో చమురు బావులకు తిప్పే కొలువులు, రాష్ట్ర ప్రభుత్వాల హెలికాప్టర్లు, జాతరలకూ యాత్రలకూ నడిచే కంపెనీలు. ఇలా నలభై దాటేలోపే బయటికొచ్చే పైలట్లలో ఒకరిద్దరిని వానాకాలం నాలుగు నెలలకైనా రాష్ట్ర విపత్తు నిర్వహణ కేంద్రంలో కూర్చోబెట్టుకోవడానికి తెలంగాణకు పెద్ద ఖర్చేమీ కాదు. భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చినప్పుడు ముందుగా కరెంటు తీగల సంగతి అడగాలని వాళ్లకు తెలుసు.